గుచ్చే చెయ్యి, వేసే చెయ్యి

మొదటి సాలు సగానికి వచ్చేసరికే ఆవిడకు నడుము పట్టేసింది. అయినా ఆగలేదు. కుడిచేతిలో జానెడు పుల్ల. దాన్ని మట్టిలో గుచ్చడం, ఒకసారి తిప్పి పైకి లాగడం, అడుగు ముందుకు జరిగి మళ్ళీ గుచ్చడం. వెనకాల కోడలు గొంతుక్కూర్చుని, గుంటకో చిక్కుడుగింజ వేసి, మునివేళ్ళతో మట్టి కప్పుకుంటూ రావాలి. మామూలుగా అయితే పుల్ల పైకి వచ్చేలోపే కోడలి చెయ్యి అక్కడ సిద్ధంగా ఉండేది. ఇవాళ ఆ అలికిడే దగ్గర్లో లేదు.

"ఏం, గింజలతో ముచ్చట్లు పెట్టావా అక్కడ?" అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే.

"అత్తయ్యా, ఈ గుంటలు..."

"నోరు మూసుకుని వెయ్యి! గుంటల సంగతి నువ్వు నాకు చెప్పే రోజులొచ్చాయా?"

కోడలు నోరు మూసుకుంది. కాసేపటికి, "ఒక్క నిమిషం, మంచినీళ్ళు తాగొస్తా" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. గింజ వేస్తూ వేస్తూ మధ్యలో లేచిపోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. పోయేవాళ్ళకి దాహాలు కూడా ఎక్కువే కాబోలు అనుకుని, ఇంకో గుంట కసిదీరా పొడిచింది.

వెనక్కి తిరక్కపోవడం కోపం వల్ల కాదు, అది ఆ పెరటి పద్ధతి. గుచ్చేవాళ్ళు వెనక్కి చూడకూడదు. చూపంతా ఎదురుగోడకు కొట్టిన మేకు మీదే ఉండాలి. తిరిగి చూస్తే సాలు వంకరపోతుంది. ఈ నియమం పెట్టింది ఆవిడ అత్తగారు. పుల్ల కూడా ఆ పెద్దావిడదే. దాని మీద ఒకచోట కత్తితో కోసిన గీత ఉంది. చూపుడువేలి మొదటి కణుపు ఎంత ఉంటుందో కొస నుంచి గీతకు అంతే దూరం. గీత దాకా గుచ్చాలి, అంతకు మించకూడదు. మించితే గింజకు పైకొచ్చే ఓపిక చాలదు, లోపలే మురిగిపోతుందనేది పెద్దావిడ.

ఇవాళ ఆవిడ గీత వైపు చూడనే లేదు. చూస్తే అది ఎప్పుడో మట్టిలో మునిగిపోయిందని తెలిసేది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం లోకంలో ఉన్నదే. ఇక్కడ కోపం అత్తదే అయింది, చేతికి మట్టి దొరికింది.

మధ్యాహ్నం మూడింటి బస్సుకు కోడలు వెళ్ళిపోతోంది. వేరే ఊళ్ళో రేపు ఆమెకు పెళ్ళి. వెళ్ళేలోగా ఒక్క మంచిమాట అనాలని ఆవిడ తెల్లవారుజామునే నిర్ణయించుకుంది. పెద్ద మాటేం కాదు. "సుఖంగా ఉండు" అంటే చాలు. పళ్ళు తోముకుంటున్నప్పుడు అనుకుంది, నానిన గింజలు వడకడుతున్నప్పుడు అనుకుంది. నోటి దాకా వచ్చేసరికి ఆ మాట కాస్తా వేరే రూపం కట్టి బయటికొస్తోంది. ఇప్పటికి పది దాటింది. ఇంకా ఐదు గంటలుంది.

వీధిలో ఆవిణ్ణి అందరూ కాజాలమ్మ అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆవిడ పని చొక్కాలకు కాజాలు కుట్టడం. దర్జీ కొట్టు నుంచి మూట వస్తుంది. చొక్కాకు ఏడు కాజాలు. చిన్న కత్తెరతో గంటు పెట్టి, చుట్టూ దారంతో బిగించి కుడుతుంది. గుండీలు మాత్రం ఆవిడ కుట్టదు. మొదట్లో అత్తగారు కుట్టేది, ఆ పెద్దావిడ చూపు తగ్గాక ఆ పని కోడలికొచ్చింది. కిటికీ దగ్గర రెండు పీటలు ఎదురెదురుగా వేసుకుని, ఒక చొక్కా ఈ ఒడిలోంచి ఆ ఒడిలోకి వెళ్ళడమే వాళ్ళ సంసారం. ఊళ్ళో సగం మంది మగవాళ్ళ గుండెల మీద తన కుట్లే ఉన్నాయని ఆవిడ ఒక్కోసారి హాస్యానికి అనేది. అందులో ఒక్కడు కూడా తన పేరు ఎరగడని మాత్రం హాస్యానికి అనేది కాదు.

మొదటి సాలు అయింది. ఆవిడ గోడవారగా చుట్టూ తిరిగి మళ్ళీ మడి మొదటికి వచ్చింది. కోడలు వంగి పని చేసుకుంటున్న వైపు చూపే పోనివ్వలేదు. రెండో సాలు మొదలుపెట్టింది.

కొడుకు వైర్‌మన్. ఆరేళ్ళ కిందట స్తంభం మీద నుంచి పడి చనిపోయాడు. ఎవరో కింద స్విచ్చి వేశారు. ఎవరు వేశారో ఇప్పటికీ తేలలేదు. ఆ తరవాత పుట్టింటివాళ్ళు వచ్చి పిలిస్తే కోడలు వెళ్ళలేదు. రెండేళ్ళు గడిచాక ఆవిడే ఒకరోజు పెద్దమనసు చేసుకుని, "కుర్రదానివి, ఎవర్నైనా చూసుకోవే" అంది. "మిమ్మల్ని వదిలి ఎక్కడికి పోతాను?" అంది కోడలు. ఆ జవాబు విని ఆవిడ కడుపు నిండిపోయింది. అలాంటి జవాబు వస్తుందనే ఆ మాట అంది మరి! అప్పటి నుంచి అడపాదడపా అదే మాట అంటూ, అదే జవాబు వింటూ హాయిగా ఉంది. మొన్న చలికాలంలో ఎప్పటిలాగే, "ఎవర్నైనా చూసుకోవే" అంటే, కోడలు దారం కొరికి, తల దించుకుని, "చూసుకున్నాను అత్తయ్యా" అంది.

అతను కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. మాట నెమ్మది. ఒకసారి ఇంటికొచ్చి, ఆవిడ కళ్ళజోడు కాడ వదులైందని చూసి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి బిగించి ఇచ్చాడు. వెళ్ళేముందు తను కాఫీ తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించాడు. వంకలేనమ్మ డొంక పట్టుకుని వేలాడిందని సామెత. ఆవిడకు పట్టుకోవడానికి డొంకైనా దొరకలేదు. ఆ గ్లాసు కడిగినందుకు వారం రోజులు కోపంగా ఉంది.

మూడో సాలు దోసగింజలకి. వాటికి గీతలో సగం చాలు. ఆవిడ గుచ్చుతూనే ఉంది. పుల్ల పట్టుకున్న అరచెయ్యి ఎర్రగా కమిలింది.

అసలు కోపం ఇంకా అడుగున ఉంది. అది పిల్ల మీద కాదు. ముప్ఫయ్యేళ్ళ వయసులో ఆవిణ్ణి మొగుడు వదిలేశాడు. పనికని వేరే ఊరు వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. అత్తగారు కొడుకుని తిట్టిపోసి, కోడలి పక్షాన నిలబడింది. ఆ నిలబడడానికి ఆవిడ జన్మంతా రుణపడిపోయింది. పెద్దావిడ గుచ్చుతూ ముందు వెళ్తే, వెనకాల గింజలు వేస్తూ పద్దెనిమిది వసంతాలు వంగి నడిచింది. నాలుగో ఏడో ఐదో ఏడో, భార్య పోయిన దర్జీ, చొక్కాల మూట ఇస్తూ, "మీకు ఇష్టమైతే మనం..." అని ఆగాడు. ఆవిడ నేల చూసింది. ఇంటికొచ్చి అత్తగారికి చెప్పింది. పెద్దావిడ అవుననలేదు, కాదనలేదు. "బెండగింజలు నానబెట్టావా?" అని అడిగింది. అంతే. ఆ మాట మళ్ళీ ఆ ఇంట్లో రాలేదు. దర్జీ తరవాత ఇంకెవర్నో చేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లలు కూడా. వాళ్ళ గౌనులకు కాజాలు ఆవిడే కుట్టింది.

నేను వెళ్ళలేదు. వెళ్ళొచ్చని నాకు ఒక్కరైనా చెప్పలేదు. ఇదిగో, దీనికి చెప్పాను, ఇది వెళ్తోంది. ఇలా అనుకున్నప్పుడల్లా అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఎవరి మీద అని అడిగితే చెప్పడం ఆవిడ వల్ల కాదు. చచ్చినవాళ్ళ మీద కోపం వస్తే ఎక్కడికెళ్ళి తీర్చుకుంటారు?

నాలుగు సాళ్ళూ అయ్యేసరికి పన్నెండున్నర. ఎప్పుడూ గంటన్నరలో అయ్యే పని. ఆవిడ పుల్ల తీసుకెళ్ళి గోడకు చేరేసి, పంపు దగ్గర చేతులు కడుక్కుంది.

"ఇంత ఆలస్యమేమిటే? అక్కడా ఇలాగే ఈడిస్తే ఆయన రెండో రోజే తిరిగి పంపించేస్తాడు."

"పంపిస్తే వచ్చేస్తా అత్తయ్యా" అని నవ్వింది కోడలు. నుదుటి మీద మట్టి మరక ఉంది. తుడుచుకోమని చెప్పాలనిపించింది కానీ చెప్పలేదు.

అన్నాలు తిన్నారు. ఎవరి పళ్ళెం వాళ్ళు చూసుకున్నారు. కోడలు గదిలోకి వెళ్ళి సంచీ సర్దుకుంది. ఒక సంచీ, ఒక పెట్టె. పదేళ్ళ కాపురం అంతలో పట్టేసింది. ఆవిడ కిటికీ దగ్గర పీట మీద కూర్చుని ఒక చొక్కా ఒళ్ళో వేసుకుంది. సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు తడబడింది.

రెండుంబావుకి సందు చివర ఆటో వచ్చి ఆగింది. అందులో అద్దాలాయన ఉన్నాడు. ఇంటి దాకా వచ్చే ధైర్యం చాలక అక్కడే దిగి, చెప్పులోని రాయి తీసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. పిరికివాడు అని ఒక డొంక దొరికినందుకు ఆవిడకు క్షణకాలం ప్రాణం లేచొచ్చింది.

కోడలు గుమ్మం దగ్గర నిలబడింది.

"పొద్దున తెల్లమాత్ర, రాత్రి ఎర్రది. మర్చిపోకండి."

"నాకు తెలుసు."

"గుండీలు పక్కింటి పిన్నిగారమ్మాయికి నేర్పించాను. సాయంత్రం పూట వస్తుంది."

"ఎవరు నేర్పమన్నారు నిన్ను?"

కోడలు సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "మడికి ఇవాళ నీళ్ళు పొయ్యకండి అత్తయ్యా. రేపు పొయ్యండి. చేత్తో చల్లండి, బకెట్‌తో కాదు. పైన మట్టి మెత్తగా ఉంది, కొట్టుకుపోతుంది."

ఇదే సమయం. రెండే రెండు మాటలు. ఆవిడ సూది చొక్కాకు గుచ్చి, తలెత్తి, నోరు తెరిచింది.

"బస్సు వెళ్ళిపోతుంది, ఫో!"

కోడలు తలూపింది. ఆ తలూపడంలో నొచ్చుకున్నదేమీ లేదు. అదే ఆవిడ భరించలేకపోయింది. మెట్లు దిగి, సందు వెంట నడిచింది. పెట్టె ఒకవైపు లాగుతుంటే కొంచెం పక్కకు వంగి నడుస్తోంది. మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఆ విద్య తను నేర్పిందే కదా అనుకుంది ఆవిడ. ఆటో చప్పుడు దూరమైంది.

ఇంట్లో కూర్చోలేకపోయింది. ఎదుటి పీట ఖాళీగా ఉంటే చెయ్యి ఆడడం లేదు. లేచి పెరట్లోకి వెళ్ళింది. పుల్లను లోపల దాచాలి, వానకు తడిస్తే పాడైపోతుంది. తీసి చూస్తే దాని మీద తడిమట్టి ఆరి గట్టిపడి ఉంది. ఆ మట్టి గీత దగ్గర ఆగలేదు. గీత దాటి, మూడువేళ్ళ పైదాకా ఉంది.

ఆవిడ పుల్లను కళ్ళజోడు దగ్గరగా పట్టుకుని చూసింది. కళ్ళజోడు చక్కగా, బిగుతుగా ఉంది. తప్పు చూశానని అనుకోవడానికి లేదు. నాలుగు సాళ్ళూ అంత లోతే! దోసగింజలు కూడా! ఒక్కటి మొలవదు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క కాజా పెద్దది కోయని చెయ్యి, కోపంతో మడినంతా పాడుచేసింది. ఆ పిల్ల చెప్పబోయింది కూడా. నోరు మూసుకోమంది తనే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మడి మీద కూలబడింది. మొదటి సాలులో ఒకచోట వేలుపెట్టి కెలికింది. ఎంత లోతుకైనా పోయి గింజ తీసి, మళ్ళీ పైన వేసుకోవాలి, చీకటిపడేదాకానైనా సరే. కానీ వేలు లోపలికి దిగీ దిగకముందే గింజ తగిలింది. మొదటి కణుపు దగ్గర. ఆవిడకు అర్థం కాలేదు. పక్క గుంట తవ్వింది. అక్కడా మొదటి కణుపే. దోసగింజల సాలులోకి మోకాళ్ళ మీద పాకి వెళ్ళి చూసింది. అక్కడ అందులో సగమే. గింజ కిందకు వేలు పోనిస్తే, మెత్తగా, గడ్డ లేకుండా, చేత్తో నలిపి పోసినట్టున్న మట్టి.

ఒక్కో గుంటా. నాలుగు సాళ్ళలో ప్రతి గుంటా. తను ముందు పొడుచుకుంటూ పోతుంటే, వెనకాల అది పూడ్చుకుంటూ వచ్చింది. తిట్లన్నీ తింటూ, బస్సు టైము చూసుకుంటూ.

"ఎంత పొగరే నీకు!" అంది ఆవిడ గట్టిగా, ఎవరూ లేని పెరట్లో. "నోరు మూసుకోమంటే నిజంగా మూసుకుంటావా? ఒక్క మాట చెప్పలేవా? మళ్ళీ నా మీదే అరవలేవా?" బయటికి తీసిన మూడు గింజలనూ మళ్ళీ వాటి చోట్లలో పెట్టి, కోడలు కప్పినట్టే మునివేళ్ళతో కప్పింది. "సుఖంగా ఉండు" అంది. ఆ మాట ఇప్పుడు ఎంత సులువుగా వచ్చిందంటే, ఆవిడకు తన నోటి మీదే అసహ్యమేసింది.

లేవడానికి గోడ పట్టుకున్నప్పుడు చూసింది. నాలుగో సాలు చివర, గోడవారగా, వంటింటి మగ్గు ఒకటి ఉంది. అందులో సగం దాకా నలిపిన మెత్తటి మట్టి మిగిలి ఉంది, ఆ మట్టిలో చెంచా నిలువుగా గుచ్చి ఉంది.