పీట మీద రెండో చోటు

మళ్ళీ నీ దిక్కు ఎక్కుతాంది అంటున్నాడు బాపు, నిజమే, మగ్గం మీద నా సగంలో ఎర్ర పట్టీ జొన్నగింజ మందాన పైకి లేచి నిలబడింది, ఆయన సగంలో అదే పట్టీ బుద్ధిగా పడుకుని ఉంది, గట్టిగా కొట్టాలి, ఇనప పళ్ళ పంజా ఎత్తి కొట్టాలి అనుకుంటూనే ఉన్నాను కానీ చెయ్యి ఎక్కడో మనసు ఎక్కడో, పెద్ద జంపఖానా ఒక్కరివల్ల కాదు, ఎడమ అంచు నుంచి నడుమ దాకా అడ్డంగా పోయే పేక నూలు నేను తీసి బాపు చేతికి ఇస్తాను, నడుమ నుంచి కుడి అంచు దాకా ఆయన తీసుకుపోతాడు, తర్వాత ఇద్దరం కలిసి ఒక్కసారి పంజాలు దించుతాం, ఇద్దరిలో ఒకరి మనసు చెదిరితే బట్టే చాడీలు చెప్తుంది, సాయంత్రం బండికి నేను హైదరాబాదు పోవాలి, బి.ఏ. ఆఖరి ఏడు, ఇంగ్లీషు సాహిత్యం, అవ్వ రేకుపెట్టె సర్ది మూలకు పెట్టింది, మామిడి తొక్కు సీసాకు నా పాత ధోతీ చుట్టింది, కానీ నేను పోను, పోనని రాత్రే అనుకున్నాను, ఇంకా ఎవరికీ చెప్పలేదు, చెప్పిన తర్వాత ఈ ఇంట్లో అందరి ముఖాలు ఎట్లా విప్పారుతాయో ఊహించుకుంటూ ఉంటే నా మీద నాకే గౌరవం పుట్టుకొస్తోంది, అందుకేనేమో పంజా సరిగ్గా పడటం లేదు.

ఎట్లా పోతాను, ఈ పీట మీద నా చోటు మార్కండేయులు చిన్నాయనది, ఇరవై ఏండ్లు అన్నదమ్ములిద్దరూ మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చుని నేశారు, పోయిన ఏడు నూలు దొరకక, దొరికినా గిట్టుబాటు కాక, మా కొత్తవాడలో సగం ఇండ్లలాగే చిన్నాయన కూడా పిల్లలను తీసుకుని షోలాపూరు మిల్లుకు పోయాడు, అప్పటినుంచి బాపు ఒక్కడే చిన్న చిన్న ఆసనాలు నేసుకుంటున్నాడు, పెద్దది నేయాలంటే పక్కన మనిషి ఉండాలి, కూలికి ఎవరినైనా పెట్టుకో అంటే, పక్కన గూసునెటోడు కూలోడు గావద్దురా, ఇంటోడు గావాలె అన్నాడు, ఎండాకాలం సెలవులకు వచ్చి నేను కూర్చున్నాను, బాపు ముఖంలో పండగ వచ్చింది, మరి ఈ మనిషిని ఇట్లా వదిలి ఎవరో తెల్లవాళ్ళు ఎప్పుడో రాసిన కవిత్వం చదవటానికి పోతానా, నాకు సిగ్గుండొద్దా.

కానీ ఆ కవిత్వం, దాన్ని ఏం చేయను, హన్మకొండలో ఇంటర్ దాకా అన్నీ ఉర్దూలోనే చదివినవాణ్ణి, ఇంగ్లీషు మాట చదివితే అర్థం ముందు ఉర్దూలో తడుతుంది, తడిమి చూసుకుంటే మాత్రం తెలుగులో ఉంటుంది, ఒక్కో పద్యం మూడు ఇండ్లు తిరిగి నా దగ్గరికి వస్తుంది, అయినా వచ్చినప్పుడు కడుపులో ఏదో వెచ్చబడుతుంది, సారంగపాణి సారు కండ్లద్దాలు తీసి టేబిల్ మీద పెట్టి మెల్లగా చదువుతుంటే హాస్టల్ అన్నం కూడా గుర్తుకు రాదు, ఆ సారే కదా ఫిబ్రవరిలో మీకు తెలిసిన ఒక గది గురించి ఇంగ్లీషులో రాసి తెమ్మన్నది, నేను చాలా కష్టపడి రాశాను, ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండే చలి మంట గూడు రాశాను, దాని ముందు ముసలాయన కాళ్ళు చాపుకోవటం రాశాను, అందరి ముందు నిలబడి చదివితే సారు విని, బాగుందయ్యా, ఆ మంట గూడు ఏ గోడకుంది అన్నాడు, ఏ గోడకని చెప్పను, నేను పుట్టి అట్లాంటిది చూస్తేగా, క్లాసంతా ఒక్కసారి నవ్వింది, వెనక బెంచీ కిషన్ రావు అయితే బల్ల కొట్టి నవ్వాడు, వచ్చే ఏడు నువ్వు కూచున్న గది రాయి అన్నాడు సారు, ఆయన ప్రేమగానే అన్నాడు, వచ్చే ఏడంతా అట్లా రాసి నిలబడి చదవాలట, నేను కూచున్న గది ఇదే, ఈ గంజి వాసన, ఈ పీట, ఈ పంజా, వీటికి ఇంగ్లీషులో పేర్లే తెలియవు నాకు, అయినా ఇప్పుడు అదంతా ఎందుకు, నేను పోవటం లేదు కదా.

అనసూర్య రాట్నం ఆగింది, తలుపు అవతల కూర్చుని కండెలు చుడుతుంది, నా భార్య, తొర్రూరు పిల్ల, సంక్రాంతి తర్వాతే కాపురానికి వచ్చింది, ఈ రెండు నెలలు నేస్తూ నేస్తూ బాపుకు ఇంగ్లీషు కథలు చెప్పాను, నది అవతల తల్లి ఉన్న గొర్రెలకాపరి కథ చెప్పాను, వాడికి పడవ లేదు, నది గడ్డకడితే నడిచి పోవచ్చని చలికాలం కోసం చూస్తుంటాడు, నది గడ్డకడితె చాపలేం గావాలెరా అని బాపు అడిగాడు, తల్లి సచ్చిందా బతికిందా గది జెప్పు ముందుగాల అని వంటింట్లోంచి అవ్వ, కథ బిగిసినచోటల్లా అవతల రాట్నం ఆగేది, మళ్ళీ తిరగటం మొదలైతే ఊపిరి పీల్చుకుందని నాకు తెలిసేది, కాలేజీలో ఎవరూ అట్లా వినలేదు నన్ను, కాలేజీ సంగతి ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేవాణ్ణి, ఇప్పుడు కథేమీ చెప్పటం లేదు కదా, మరి ఎందుకు ఆగింది, నేను గొంతు సవరించుకున్నాననా, చెప్పబోతున్నానని ఎట్లా తెలిసింది.

చెప్పేశాను, బాపు, నేను పోను, చదువు చాలు, నీ పక్కన గూసుంట అన్నాను, ముఖాలు విప్పారలేదు, బాపు చేతిలో పేక చేతిలోనే ఉండిపోయింది, అవ్వ వంటింట్లోంచి వచ్చి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ఒక్కసారి నన్ను, ఒక్కసారి మూలన ఉన్న రేకుపెట్టెను చూసింది, ఎందుకు బిడ్డా అని బాపు అడగలేదు, అడిగితే చెప్పటానికి ఎన్నో సిద్ధం చేసుకున్నాను, నీ నడుమునొప్పి, చిన్నాయన, ఖాళీగా ఉన్న పీట, అన్నీ నోటి చివరే ఉన్నాయి, అంతలో తలుపు అవతలినుంచి అనసూర్య గొంతు, అత్తా, మామతోని చెప్పు, నేను గూసుంట అని, మూడు అడుగుల దూరంలో ఉన్న బాపుకు ఆ మాట స్పష్టంగా వినపడింది, అయినా కోడలు మామతో ఎదురుగా మాట్లాడదు, అందుకని అవ్వ ఆ మాటను మోసుకొచ్చి మళ్ళీ చెప్పింది, కోడలు గూసుంటదట అని, దానికి నేత వచ్చునా అడుగు అన్నాడు బాపు, అవ్వ అటు తిరగకముందే జవాబు వచ్చింది, మా బాపుకు కొడుకులు లేరు అత్తా, పన్నెండేండ్లప్పటిసంది నేనే గూసున్న అని.

బాపు తలవంచుకుని తన సగాన్నే చూస్తున్నాడు, నాకు ఆయన ఇబ్బంది తెలుసు, తండ్రి పక్కన కూర్చోవటం వేరు, మామ కూర్చున్న పీట మీద కోడలు కూర్చోవటం మా వాడలో ఎవరూ చూడలేదు, మామ గడపలోకి వస్తే కోడలు మంచం దిగి నిలబడాలి, ఎదురింటి వెంకట్రాజం పెదనాయన చూశాడంటే రేపు పొద్దటికి కులపెద్దల దాకా పోతుంది, నా లోపల ఒకడు బాపు కాదంటే బాగుండునని కోరుకుంటున్నాడు, సిగ్గులేకుండా కోరుకుంటున్నాడు, బాపు భుజం మీది తువాలు తీశాడు, నాలుగు మడతలు పెట్టాడు, పీట నడుమన అడ్డంగా వేసి అరచేత్తో సదిరాడు, గిటు నాది, గటు దానిది, రెండు పీటలైనయి, ఇగ ఎవడన్న అడిగితె నేను జెప్పుకుంట అన్నాడు, అని కొంచెం జరిగాడు, నన్ను లెమ్మనలేదు కానీ నేను లేచాను, అనసూర్య తలమీద కొంగు ముఖం మీదికి లాక్కుని వచ్చింది, పంజా అందుకుంది, నా సగంలో ఎక్కిన పట్టీని ఒకసారి వేళ్ళతో తడిమింది, నాలుగు దెబ్బలు కొట్టింది, పట్టీ కూర్చుంది, పేక తీసి మామ చేతికి కాక నడుమన తువాలు మీద పెట్టింది, బాపు అక్కణ్ణుంచి తీసుకున్నాడు, పంజాలు రెండూ ఒక్కసారి దిగాయి.

అవతల నిలబడి చూస్తున్నాను, సంతోషపడాలి కదా నేను, దారి దొరికింది కదా, మరి ఎవరో నా కాళ్ళ కింది చాప లాగేసినట్టు ఈ ఉక్రోషం ఏమిటి, నా చోటు పోయిందనా, లేక నేను దాక్కున్న చోటు పోయిందనా, అనసూర్య పని ఆపకుండానే, అత్తామామల ఎదుట నాతో ఎప్పుడూ మాట్లాడనిది, ముసుగులోంచి నన్నే అడిగింది, ఆడ నీకు బయమైతాందా, అవ్వ వంటింట్లోకి పోలేదు, బాపు విననట్టే అంచు సరిచేస్తున్నాడు, నడుమునొప్పి అందామనుకున్నాను, షోలాపూరు అందామనుకున్నాను, కొడుకు ధర్మం అందామనుకున్నాను, అవన్నీ నిజాలే, ఒక్కటీ నా కారణం కాదు, అవును అన్నాను, నవ్వుతరు అన్నాను చిన్నపిల్లవాడిలా, ఎవరూ నవ్వలేదు, బాపు తల ఎత్తకుండా, గా బయాన్ని తోల్కపో బిడ్డా, ఈడ ఇడిసిపెడితె మేమేం జేస్కుంటం దాన్ని అన్నాడు, అనసూర్య ముసుగు సన్నగా కదిలింది, ఎంత మంచివాళ్ళు వీళ్ళు, రాత్రి నుంచి నా భయాన్ని త్యాగమని నేను మురిసిపోతుంటే దాన్ని ఎప్పుడో గుర్తుపట్టి, నా నోటితో నేనే చెప్పేదాకా ఆగారు, ఈ ఇంటికి నేను ఇక్కడ కూర్చోవటం అక్కర్లేదు, నేను భయపడుతూనైనా పోవటం కావాలి, పోతాను, భయం తగ్గాక కాదు, ఈ సాయంత్రం బండికే పోతాను.