వంద గంటల హెడ్‌ఫోన్లు

స్టూడియోలో నన్ను పాముచెవులు అంటారు. ఎదురుగా అనరు, పక్క గదిలో అనుకుంటారు. అదీ నాకు వినిపిస్తుంది. పుస్తకాలు చదివించి రికార్డు చేయడం మా పని. అందులో చివరి చెవి నాది. చదివినవాళ్ల పెదాల చప్పుడు, కుర్చీ కిర్రు, గోడవతల ఫ్యాను రొద అన్నీ నేను ఏరి పారేశాకే ఏ పుస్తకమైనా గడప దాటుతుంది. మా నాన్న మిల్లులో యంత్రాల మధ్య పనిచేసి యాభై ఏళ్లకే చెవులు పోగొట్టుకున్నాడు. "ఇంకాస్త గట్టిగా చెప్పరా" అనే ఆయన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నాకిప్పుడు నలభై ఎనిమిది. చెవి పోతే పని పోతుంది. నేనూ పోయినట్టే.

పాతవి పాడైతే కొత్త హెడ్‌ఫోన్లు తెచ్చుకున్నాను. మొదటి రోజు ప్రతి 'స'కారమూ సూదిలా గుచ్చింది. నేనేం కంగారుపడలేదు. కొత్త చెప్పులు కరవవూ? నాలుగు రోజులు నడిస్తే అవే సర్దుకుంటాయి. వీటి లోపలి పల్చటి పొర కూడా మొదట్లో బిగుసుకుని ఉంటుందనీ, వంద గంటలపాటు ఉత్త హోరు మోగిస్తే మెత్తబడుతుందనీ మా పనిలో సగం మంది నమ్ముతారు. మిగతా సగం మా బావమరిదిలాంటి మొండిఘటాలు.

వాడు మా స్టూడియోలోనే యంత్రాలు చూస్తాడు. "బావా, అదంతా ఉత్తిదే. మారేది హెడ్‌ఫోన్లు కాదు, నీ చెవి" అన్నాడు.

"నువ్వు స్క్రూలు బిగించుకోరా. వినడం నాకొదిలెయ్" అన్నాను. వాళ్లక్కని కట్టుకున్నందుకు నాకు ఆ మాత్రం హక్కుంది.

అందరూ హోరు పెట్టేసి హెడ్‌ఫోన్లని సొరుగులో పడేస్తారు. నేనూ అదే చేసి ఉంటే ఎంత బాగుండేది! నాకు దిక్కుమాలిన బుద్ధి పుట్టింది. మార్పు సరిగ్గా ఏ గంటలో వస్తుందో నా చెవులతోనే పట్టుకోవాలనుకున్నాను. పనయ్యాక రోజుకి నాలుగు గంటలు ఆ హోరుని తలకి తగిలించుకుని కూర్చున్నాను. నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇరవై గంటలు: ఇంకా గుచ్చుతోంది. నలభై: కాస్త నయం. గట్టిగా తోమితేనే మెత్తబడుతుందని శబ్దం రోజుకో గీత పెంచుతూ పోయాను. డెబ్భై: సూదులు మొద్దుబారాయి. ఆ పేజీ బావమరిది ముక్కు దగ్గర పెట్టి మీసం మెలేశాను.

తీసేశాక కూడా ఆ 'స్‌'మనే చప్పుడు కాసేపు గదిలోనే ఉండేది. మొదట పావుగంట. తర్వాత అన్నం తినేదాకా. దాన్ని మాత్రం నోటుపుస్తకంలో రాయలేదు.

ఒకరోజు వంటింట్లో మంచినీళ్లు తాగుతుంటే నా భార్య వచ్చి ఫ్రిజ్ తలుపు ఠపీమని వేసింది. "ఏమండీ, తలుపు తెరిచి వదిలేశారు. ఫ్రిజ్ అంతలా కీ కీమని అరుస్తోంటే వినిపించడం లేదా?"

"ఏదో ఆలోచనలో ఉన్నాను" అన్నాను. ఆ ఫ్రిజ్ అరిచిన గుర్తే నాకు లేదు. దులిపేసుకుని హోరు ముందు కూర్చున్నాను.

వందో గంటకి గొంతులు తేనెలా దిగాయి. ఆదివారం మధ్యాహ్నం బావమరిది సీలు విప్పని డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అదే కంపెనీ, అదే రకం.

"కళ్లకి గుడ్డ కట్టుకో బావా. అక్క మార్చి మార్చి పెడుతుంది. ఏది వంద గంటలు మోగిందో చెప్పు."

కిందటి వారం నేను శుభ్రం చేసి పంపిన పుస్తకమే పెట్టాడు. మొదటిది విన్నాను, మెత్తగా ఉంది. రెండోది విన్నాను. అదీ మెత్తగానే ఉంది. ఆరుసార్లు మార్చారు. ఒక్క 'స' కూడా గుచ్చలేదు.

గుడ్డ విప్పేసి నవ్వాను. "ఈసారి కంపెనీవాళ్లే మెత్తగా చేసి పంపుతున్నారురా!"

వాడు నవ్వలేదు. కొత్త జతని వాళ్లక్క తలకి పెట్టాడు.

"అబ్బా, చెవుల్లో పొడుస్తున్నట్టుంది" అందామె. తర్వాత నా వంద గంటలవి పెట్టుకుంది. "ఇవీ అంతే. తేడా ఏముందిరా? అవునూ, ఆవిడ చదువుతుంటే వెనక ఆ ఈల ఏమిటి?"

"ఏ ఈల?" అన్నాను.

"సన్నగా, మొదట్నుంచీ మోగుతోందిగా."

బావమరిది ఫోన్లో ఇంకో పుస్తకం పెట్టాడు. తర్వాత ఇంకోటి. మూడు వారాల్లో నా చేతుల మీదుగా గడప దాటినవి. ఆమె ప్రతిసారీ తలూపింది. ఆఖరికి వాడి వైపు భయంగా చూసింది.

"రికార్డింగు గదిలో కొత్త లైట్లు పెట్టాం బావా" అన్నాడు వాడు నెమ్మదిగా. "వాటి ఈల అది. నాకూ వినిపిస్తూనే ఉంది. నువ్వు తీసేస్తావులే అనుకున్నాను."

హెడ్‌ఫోన్లు లాక్కుని పెట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను. ఆవిడ చదువుతోంది, హాయిగా, మెత్తగా. వెనక ఏమీ లేదు. రెండు చేతులతో చెవులకి అదిమాను. ఏమీ లేదు.

"ఇంకాస్త గట్టిగా పెట్టరా" అన్నాను.