ఆకలి చంపే మాత్ర

పది కిలోలు తగ్గితేనే జయలక్ష్మమ్మ కిడ్నీ తమ్ముడికి పెడతామని సేలం ఆస్పత్రివాళ్లు తేల్చి చెప్పారు. రెండు నెలలు గడువిచ్చారు. ఆమె సంగటి మానేసింది, పొద్దునా సాయంత్రం నడిచింది, బొమ్మిడి స్టేషన్లో తూకం మిషన్ ఎక్కి చీటీలు దాచుకుంది. మూడు వారాలకు తగ్గింది కిలోన్నర. తమ్ముడు ఈశ్వరప్ప కాళ్లు మాత్రం రోజురోజుకీ ఉబ్బుతున్నాయి.

ధర్మపురిలో ఆమెను చూసి సేలానికి రిపోర్టులు పంపే సత్యప్రియ డాక్టరుదీ, ఆ తమిళ ఊళ్లో, తెలుగిల్లే. ఆ చనువుతోనే అడిగింది.

"ఆకలి చంపే మాత్ర ఉందంట కదా డాక్టరమ్మా, రాసియ్యండి."

"దాంతో బీపీ ఎక్కుతుందక్కా. మీది ఇప్పటికే అంచుమీద ఉంది. బీపీ ఉంటే కిడ్నీ తీసుకోరు. నేను రాయను."

ఇంత విడమరిచి చెప్పినా ఆ మహాతల్లి చెవికెక్కింది చివరి మాట ఒక్కటే. మర్నాడే బస్సెక్కి, తననెవరూ ఎరగని మారండహళ్ళికి పోయి, ఒక మెడికల్ షాపులో చీటీ లేకుండానే మాత్రలు తెచ్చుకుంది.

పదిహేను రోజుల్లో నాలుగు కిలోలు దిగింది. నోరు పిడచకట్టుకుపోయేది, కూర్చున్నా గుండె దడదడలాడేది. తమ్ముడి గురించిన బెంగేలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మ బీపీ రెండుసార్లు చూసింది.

"నూట అరవై! పోయినసారి నూట ముప్పై కదా. మీరు కిడ్నీ ఇవ్వడానికి పనికిరారని సేలానికి రాయాల్సిందే అక్కా."

జయలక్ష్మమ్మ నడుముకు దోపుకున్న మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"నేను చేసిన తప్పుకు వాణ్ణి చంపొద్దు తల్లీ!"

డాక్టరమ్మ అట్టలో ఖాళీ గుంటలు లెక్కపెట్టింది.

"ఈరోజుతో ఆపేయండి. గడువు ఇంకా మూడు వారాలుంది, అప్పటిదాకా చూస్తాను. బీపీ దిగితే సరే. దిగకపోతే నా చేతిలో ఏమీ లేదు."

బయట బెంచీ మీద ఈశ్వరప్ప ఉబ్బిన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అక్కను చూడగానే వాడి మొహం వెలిగింది.

"చిక్కినావక్కా! ఎంత తగ్గినావు?"

"మొత్తం అయిదున్నర."

"అయితే ఇంక నాలుగున్నరే కదా! ఈ మూడు వారాల్లో అయిపోతుందిలే."

ఆ మూడు వారాలూ ఇంక బీపీ దిగడానికే పోతాయని, వాటిని తానే తినేసిందని వాడితో ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. వాడి చెయ్యి పట్టుకుని లేపింది. గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది.