కడుపుతో ఉన్న మనిషికి చెప్పని కబురు

కడుపుతో ఉన్న మనిషి చెవిన చెడ్డ కబురు పడకూడదు. పడితే ఆ బెదురు లోపలి బిడ్డకు తగులుతుంది. గ్వాటెమాలా కొండల నుంచి అమెరికా వచ్చి న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో స్థిరపడ్డవాళ్లు మంచుకు అలవాటుపడ్డారు, అంతో ఇంతో ఇంగ్లీషు నేర్చారు, ఈ పట్టింపు మాత్రం వదల్లేదు. యులాలియాకి నెలలు నిండుతున్నాయి. అందుకని, పనికి పోతున్న మొగుణ్ణి ఇమిగ్రేషన్ వాళ్లు దారిలోనే పట్టుకుపోయిన సంగతి దాచలేకపోయినా, ఇంట్లో అందరూ ఆమెతో నవ్వుతూనే మాట్లాడుతున్నారు.

మొగుడి పేరు గాస్పర్. ఇళ్లకు పైకప్పులు వేస్తాడు. ఇక్కడ ఉండనివ్వాలా వద్దా అన్న కేసు ఇంకా తేలనేలేదు. అయినా బెయిలు మాటెత్తనివ్వకుండా లోపల వేశారు. ఈ నిర్బంధం చెల్లదని ఫెడరల్ కోర్టుకు వెళదామంది లాయరు మిరియం.

"మనిషిని ఎక్కడ నిర్బంధించారో అక్కడి కోర్టులోనే పిటిషన్ వేయాలి. వేశాక ఎక్కడికి తరలించినా ఆ కోర్టు జడ్జి పట్టు వదలడు. ముందే తరలించేస్తే మాత్రం చేతులెత్తేస్తాడు. ఇమిగ్రేషన్ వాళ్ల వెబ్‌సైటులో ఇక్కడే ఉన్నట్టు చూపిస్తోంది. నీకేమన్నా చెప్పాడా?"

"పొద్దున ఫోన్ చేశాడమ్మా. న్యూజెర్సీలోనే ఉన్నానన్నాడు" అంది యులాలియా.

పొయ్యి దగ్గర ఆడపడుచు మికయేలా మొక్కజొన్న జావ కలుపుతోంది. తలెత్తలేదు.

పిటిషన్ పడింది. విచారణ రోజున ప్రభుత్వ లాయరు తాపీగా లేచి, పిటిషన్ వేయడానికి ముందురోజే అతన్ని విమానంలో ఎక్కడో దక్షిణాన ఉన్న లూయిసియానా రాష్ట్రానికి తరలించామన్నాడు. ఏ ఊళ్లో పెట్టారని మిరియం అడిగితే ఆ వివరం తన దగ్గర లేదన్నాడు. జడ్జి కాగితాలు రెండుసార్లు తిరగేసి, మనిషి తన పరిధిలో లేడు గనక తానేమీ చేయలేనన్నాడు. గొంతులో కొంచెం బాధ ఉంది, కానీ బాధ ఆర్డరు కాదు కదా.

కోర్టు వరండాలో యులాలియా ఆడపడుచుని నిలదీసింది.

"నీకు తెలుసు కదూ?"

మికయేలా బావురుమంది. "తెలుసు వదినా. అన్న నాకు ఫోన్ చేసి, నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. బిడ్డకు బెదురు తగులుతుందని..."

"మీ అన్నాచెల్లెళ్ల జాలి మండిపోను! తండ్రి లేకుండా పుడితే తగలదా బెదురు?"

ఆమె కోపం న్యాయమే. మికయేలా ఏడుపూ దొంగేడుపు కాదు. ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు, కొంప మాత్రం మునిగేలా ఉంది.

సాయంత్రం గాస్పర్ ఫోన్ చేశాడు.

"తిన్నావుటే? ఇక్కడంతా బాగానే..."

"చాలించు. లూయిసియానాలో ఏ ఊరు?"

"ఎవరు చెప్పారు?"

"కోర్టులో అందరి ముందూ చెప్పారు. నువ్వు చెప్పివుంటే లాయరమ్మ తిన్నగా అక్కడే వేసేది. ఇకనైనా నోరు విప్పవయ్యా!"

విప్పాడు. ఊరి పేరు చెప్పాడు. కేసు తేలకుండానే పొద్దున గ్వాటెమాలా విమానం ఎక్కిస్తున్నారనీ, సామాను సర్దుకోమన్నారనీ చెప్పాడు. యులాలియా ప్రతి మాటా మికయేలా చేత అప్పటికప్పుడు మిరియంకి చెప్పించింది. మిరియం అక్కడి లాయరొకాయన్ని పట్టుకుని, ఆ ఊరు ఏ కోర్టు కిందికి వస్తుందో ఆ కోర్టులో రాత్రికి రాత్రే కొత్త పిటిషన్ వేయించింది. విచారణ అయ్యేదాకా ఇతన్ని దేశం దాటించొద్దని అక్కడి జడ్జి ఉత్తర్వు ఇచ్చేసరికి తెల్లారింది.

మధ్యాహ్నం మళ్లీ ఫోన్ మోగింది.

"విమానం మెట్ల దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చారే!"

"సంకెళ్లు వేశారా?"

"అబ్బే, అదేం..." అని ఆగాడు. "వేశారు. చీలమండలు ఒరుసుకుపోయాయి. మరి నువ్వెలా ఉన్నావు?"

ఆసుపత్రి సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మికయేలా, చెప్పొద్దన్నట్టు గబగబా తల అడ్డంగా ఊపింది. అంత దూరాన ఉన్నవాడు విని ఏం చేయగలడు పాపం! బాగానే ఉన్నానన్న మాట యులాలియా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి పోతున్నాం. నాకు భయంగా ఉంది గాస్పర్."

"నాకూ భయంగానే ఉందే" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి.