బొత్తాల పిన్ని మిస్డ్ కాల్

వంటింటి కుళాయికి వాషరు వేయించాలి. నాన్న కళ్ళద్దాలు దుకాణం నుంచి తేవాలి. పక్కింటివాళ్ళకు కరెంటు మీటరు మీద ఫిర్యాదు రాసిపెట్టాలి. అమ్మ ఫోనులో నిండిపోయిన ఫొటోలు తీసేయాలి. ఆసుపత్రిలో మంగళవారం బండి జాబితాను రెండు బండ్లకు విడగొట్టాలి.

ఇవన్నీ ఒక్క మనిషి నెత్తిన ఉన్న పనులు. ఆ మనిషిని ఇంట్లోనూ వీధిలోనూ 'డిగ్రీ' అని పిలుస్తారు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి తనే. మొదట్లో ముద్దుగా పిలిచారు. తర్వాత ఆ పేరు పనులు పురమాయించడానికి బాగా అక్కరకొచ్చింది. "డిగ్రీ ఉందిగా, చూసుకుంటుందిలే" అనేవాళ్ళు. డిగ్రీ చూసుకునేది. కాదనడం ఆ పిల్లకు చేతకాదు.

ఉద్యోగం డయాలసిస్ విభాగంలో. కిడ్నీలు పాడైనవాళ్ళను ఆసుపత్రి బండి ఇంటి దగ్గర ఎక్కించుకొస్తుంది, రక్తం శుభ్రం చేశాక మళ్ళీ దించుతుంది. ఎవరు ఏ రోజు రావాలి, ఏ మంచం, ఏ వీధి, ఏ నంబరు అన్నీ వేరువేరు ఫైళ్ళలో ఉంటాయి. ముందురోజు సాయంత్రం ఆ ఫైళ్ళను బట్టే "రేపు బండి వస్తుంది" అని అందరికీ మెసేజ్ వెళ్తుంది. ఫైళ్ళు దిద్దేది నల్లటి తెర మీద, ఎడిటరు అనే ప్రోగ్రాములో. మౌసు ఉండదు, బొమ్మలుండవు, అంతా మీటల మీదే. డిగ్రీకి ముందు ఆ కుర్చీలో కూర్చున్న మాస్టారు రిటైరయ్యేముందు ఓపిగ్గా నేర్పి వెళ్ళాడు.

"తెర మీది కిటికీ వేరు, ఫైలు వేరు తల్లీ. కిటికీ మూసినా ఫైలు వెనకాల తెరిచే ఉంటుంది. ఒకే ఫైలుకు రెండు కిటికీలు తెరిచినా ఫైలు ఒక్కటే. రెండు కిటికీల్లోంచి చూసినంత మాత్రాన వీధి రెండవుతుందా?"

"అవదండీ" అంది డిగ్రీ అప్పుడు, నవ్వుతూ.

వంతెన మరమ్మతుకని దారి మూసేయడంతో ఒక బండి చాలడం లేదు. అందుకే సోమవారం తెరను మూడు ముక్కలు చేసుకుంది. పై కిటికీలో పాత జాబితాను ముట్టుకోకుండా సాక్ష్యానికి పెట్టుకుందామనుకుంది. మధ్య కిటికీలోనూ అదే జాబితా, అందులోంచి పేర్లు కోయాలి. కింద కొత్త బండి ఫైలు. మధ్యలో ఒక వరుస కోస్తే అది ఎడిటరు గుప్పిట్లో ఉంటుంది. కిందికి వెళ్ళి దాన్ని అతికించాలి. అతికించకుండా ఇంకోటి కోస్తే గుప్పిట్లోది జారిపోతుంది.

ఒక వరుస కోసి చేయి పైకెత్తేలోపు ఫోను మోగింది. అమ్మ.

"ఏమే, కుళాయి ధారగా పోతోంది. మీ నాన్న బట్ట చుట్టి కట్టాడు. ఇప్పుడు కుళాయికి పెళ్ళికళ వచ్చింది గానీ నీళ్ళాగలేదు."

"సాయంత్రం చూస్తానమ్మా."

ఫోను పెట్టేసి ఎక్కడ ఆపానా అనుకుంటూ తర్వాతి వరుస కోసింది. కాసేపటికి మళ్ళీ అలాగే, ఒక వరుస గుప్పిట్లో ఉండగా నాన్న. "అద్దాల కొట్టువాడు తొందరగా మూసేస్తాడట. అవి లేకపోతే నాకు మీ అమ్మ కూడా అందంగానే కనిపిస్తోందే."

నవ్వే ఓపిక కూడా లేక, ఊఁ కొట్టి పెట్టేసింది.

పని అయ్యాక పై కిటికీనీ మధ్య కిటికీనీ పోల్చి చూసుకుంది. ఒక్క అక్షరం తేడా లేదు. హమ్మయ్య, సరిపోయింది అనుకుంది. సగం పేర్లు కోసేశాక తేడా ఉండి తీరాలని, లేకపోవడమే తప్పని ఆ అలసిన కళ్ళకు తట్టలేదు. అన్నీ ఒకేసారి సేవ్ చేసి, సంచీ తగిలించుకుని అద్దాల కొట్టుకు పరిగెత్తింది.

బస్సులో, ఒళ్ళో కళ్ళద్దాల డబ్బా పెట్టుకుని కునుకు తీయబోతుంటే ఏదో వెలితి. ఏమిటా అని ఫోను చూసుకుంది. బొత్తాల పిన్ని మిస్డ్ కాల్ రాలేదు.

బజారులో బొత్తాలు, హుక్కులు, జిప్పులు అమ్మే ఆవిడ బొత్తాల పిన్ని. మంగళవారం బండిలో వస్తుంది. మెసేజ్ అందగానే డిగ్రీ ఫోనుకు ఒక్కసారి మోగించి పెట్టేస్తుంది, అందింది తల్లీ అన్నట్టు. ఎవరూ చెయ్యమనలేదు. ఆవిడ మర్యాద అది.

డిగ్రీయే ఫోను చేసింది. "పిన్నీ, మెసేజ్ రాలేదా?"

"రాలేదమ్మడూ. నా కిడ్నీలు బాగైపోయాయని మీ డాక్టరు కలగన్నాడేమో, ఎందుకు చెడగొట్టడమని ఊరుకున్నా."

డిగ్రీకి మాస్టారి మాట గుర్తొచ్చింది. రెండు కిటికీలు, ఒక్క వీధి. పైన దాచాననుకున్న పాత జాబితాలోంచీ పిన్ని వరుస పోయింది, కొత్త ఫైలులో అతకనూ లేదు. పాత డ్రైవరు ఆవిడ కొత్త బండిలోకి మారిందనుకుంటాడు. కొత్తవాడికి ఆవిడెవరో తెలియదు. పిన్ని ఇంటికి బండి పంపడం ఒక్క మాటతో అయ్యే పని. కానీ జారిపోయింది పిన్ని ఒక్కతేనా? మిగతావాళ్ళెవరూ మిస్డ్ కాల్ ఇచ్చే రకం కాదు. వారానికోసారి తీసే నకలు ఉంది గానీ, ఆ తర్వాత కొత్తవాళ్ళు చేరారు. ఇక మిగిలింది ఎడిటరు జ్ఞాపకం. సేవ్ చేసినా సరే, ఫైలు మూయనంతవరకు చేసిన పనిని వెనక్కి నడిపించవచ్చు. మూస్తే అంతా మర్చిపోతుంది.

వచ్చేటప్పుడు మూశానా? గుర్తు రాలేదు. రోజూ మూసే వస్తుంది. ఆ వేళకు గదులు ఊడ్చే అక్క కరెంటు స్విచ్చులన్నీ ఆపేస్తూ వస్తుంది. వెంటనే అక్కకు ఫోను చేసింది.

"అక్కా, నా గదిలో కంప్యూటరు..."

"ఆ నల్లమొహం తెరేనా? వెలుగుతూనే ఉంది. ఆపేస్తున్నా, నువ్వు బెంగపడకు."

"వద్దక్కా! ముట్టుకోకు!"

"అరవకే తల్లీ, చీపురు జారిపడింది. సరే, నువ్వొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా. నా నడుమూ ఒకటే గోల పెడుతోంది."

డిగ్రీ దిగి ఎదుటి బస్సెక్కింది. నిలబడే ప్రయాణం. గదికి చేరేసరికి అక్క కుర్చీలో కాపలా కాస్తూ నిద్రపోతోంది. లేపబుద్ధి కాక, డిగ్రీ నిలబడే కీబోర్డు ముందుకు లాక్కుంది.

తెరిచి ఉన్న ఫైళ్ళేమిటో అడిగింది. తెర మీద కనిపించేవి రెండే అయినా వెనకాల ఇంకా చాలా ఉన్నాయి. మంగళవారం జాబితా ముందు పెట్టుకుని, వెనక్కి నడిపే మీట ఒక్కొక్కసారే నొక్కింది. ఒక్కో వరుసా తిరిగి వచ్చి నిలబడుతోంది. వచ్చిన ప్రతి పేరునూ కొత్త ఫైలులో ఉందో లేదో చూసుకుంది. పిన్ని వరుస తిరిగొచ్చింది, నాన్న ఫోను చేసినప్పటిది. ఇంకా వెనక్కి వెళ్తే, అమ్మ ఫోను చేసినప్పటి వరుస వచ్చింది. అదీ కొత్త ఫైలులో లేదు.

ఈ వారమే చేరిన గడియారాలు బాగుచేసే ఆయన. ఒంటరి మనిషి. నర్సు సూది గుచ్చినా నోరు తెరవడు. బండి రాకపోతే, రమ్మనలేదు కాబోలు అనుకుని తలుపు మూసుకునేవాడు.

డిగ్రీ ఇద్దరి వరుసలూ కొత్త ఫైలులో అతికించి, పాత జాబితాను మళ్ళీ ముందుకు నడిపి, ఈసారి వేలు పెట్టి చదివి సేవ్ చేసింది. ఇద్దరికీ మెసేజ్ పంపింది. నిమిషం తిరక్కుండా ఫోను ఒక్కసారి మోగి ఆగింది. అక్క ఉలిక్కిపడి లేచింది. "ఎవరే?"

"పిన్ని. అందిందట."

మర్నాడు ఇద్దరూ వచ్చారు. పక్కపక్క మంచాలే. పిన్ని ఆయన చొక్కాకు ఊడిన బొత్తాన్ని చూసి, పెట్టెలోంచి సరిపోయేదొకటి తీసి ఇచ్చింది. ఆయన తలూపాడు. అంతకుమించి ఆవిడకు ఏం రుణపడ్డాడో ఆయనకు తెలియదు. ఆవిడకూ తెలియదు. చెబుదామని డిగ్రీ రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ ఎవరో పిలిచారు.

వానాకాలం దాటాక పిన్ని పోయింది. ఆ వరుసను డిగ్రీయే తీసేయాల్సి వచ్చింది. కోసింది, ఎక్కడా అతికించలేదు. సేవ్ చేసి, ఫైలు మూసి, కుళాయి మళ్ళీ కారుతోందని అమ్మ చెప్పింది గుర్తొచ్చి లేచింది.

గడియారాలాయన ఇప్పటికీ మంగళవారం బండిలోనే వస్తాడు. ఫైళ్ళలో మాత్రం ఆవిడ పేరు లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఫోను ఎప్పుడైనా ఒక్కసారి మోగి ఆగిపోతే, విసుక్కునేముందు, బొత్తాల పిన్నిని ఒకసారి తలుచుకోండి.