భిన్నాయనకు మెజారిటీ వచ్చింది

దేశంలోకెల్లా పెద్ద కోర్టులో ఆ న్యాయమూర్తిని వరండాల్లో అందరూ చాటుగా ‘భిన్నాయన’ అనేవారు. చిన్నాయనలు ఇంటింటా ఉంటారు గానీ, కేసుకేసుకీ భిన్నాభిప్రాయం రాసే ఆయన మాత్రం ఒక్కరే. ఏకాభిప్రాయమంటే ఆయన లెక్కలో ఏకాకి అభిప్రాయమే. మిగతావాళ్లు రాసేది తీర్పు, ఈయన రాసేది నిట్టూర్పు. అది ఎవరినీ జైల్లో పెట్టదు, ఎవరినీ విడిపించదు. ఏనాటికైనా ఇంకో బెంచి దుమ్ము దులిపి చదవకపోతుందా అన్న ఆశ ఒక్కటే. ఎవరినీ కట్టిపడేయని రాత కాబట్టి, కలాన్నీ కట్టేయాల్సిన పని లేదు. పేజీపేజీకీ చురకలు పేలేవి.

ఈసారి కేసు ఖైదీ తల్లులది. పిల్లలు చూడటానికొస్తే అద్దానికి అటు తల్లి, ఇటు బిడ్డ. ముట్టుకోకూడదని జైలు నిబంధన. బెంచి మీది ముగ్గురిలో పెద్దాయన ఆ నిబంధన సరైనదే అన్నాడు. అందరికన్నా జూనియరైన జడ్జి, భిన్నాయన ‘చెల్లెమ్మా’ అని పిలిచే ఆవిడ, తలూపింది. భిన్నాయన అలవాటు ప్రకారం అసమ్మతి రాసి, తీర్పు వెలువడకముందే చదువుకోమని ఇద్దరికీ పంపాడు. ఏ తల్లికైనా సరే బిడ్డను ఎత్తుకునే హక్కుందన్నాడు. జైలు అద్దం శుభ్రంగానే ఉంది, మసకంతా పెద్దాయన కళ్లద్దాలదే అని కూడా అంటించాడు.

మర్నాడు చెల్లెమ్మ ఆ కాగితాలు పట్టుకుని ఆయన గదికి వచ్చింది.

“అన్నగారూ, రెండుసార్లు చదివాను. నా ఓటు మీకే.”

భిన్నాయన టీ కప్పు పక్కన పెట్టేశాడు. “అంటే... నేను గెలిచానా? నాకలవాటు లేదమ్మా!”

“అప్పుడే పొంగిపోకండి. ఆ కళ్లద్దాల మాట తీసేయండి. ఇది ఇక అసమ్మతి కాదు, చట్టం. రేపు జైలరు దీన్ని చూసే తలుపు తీస్తాడు. జోకు చదివి ఏ తలుపు తీయాలి పాపం?”

“తీసేశా. ఇంకా?”

“‘ఏ తల్లికైనా’ అన్నదీ తీసేయాలి. జైల్లో దాడులు చేసినట్టు రికార్డున్నవాళ్లు అద్దం వెనకే ఉండాలి.”

“వాళ్లు మాత్రం తల్లులు కారూ?”

“నాకు భయం, అన్నగారూ. మొత్తం కావాలంటే మీ అసమ్మతి మీరే ఉంచుకోండి. నేను పెద్దాయన వైపు పోతాను.”

ఆవిడ వెళ్లిపోయాక భిన్నాయన ఆ కాగితాలు ముందేసుకున్నాడు. అందమైన ఓటమా, అరకొర గెలుపా? మొత్తం నిజం రాస్తే ఒక్క బిడ్డా ఒడికి చేరదు. సగం రాస్తే చాలామంది చేరతారు, కానీ కొందరి మొహాన తన సంతకంతోనే తలుపు మూసుకుంటుంది. ఇన్నాళ్లూ ఆయనకు రాతే తెలుసు, కోత తెలియదు. ఆ సాయంత్రం కోశాడు. మిగిలిన తీర్పు జ్వరం పథ్యంలా చప్పగా ఉంది.

ఇప్పుడు మైనారిటీ పెద్దాయనది. ఆయనా అసమ్మతి రాసి పంపాడు. అన్నేళ్లుగా నీళ్లు నమిలిన కలం ఒక్కసారిగా నిప్పులు కక్కింది: ‘రికార్డున్న తల్లికి చేతులు లేవా? ఇది తల్లి హక్కే అయితే తల్లులందరికీ ఉండాలి, కాకపోతే ఎవరికీ ఉండకూడదు. మెజారిటీ గీసిన ఈ గీతకు ఆధారమేది?’

చెల్లెమ్మ ఉరుకులు పరుగుల మీద వచ్చింది. “దీనికి జవాబు రాయండి. మెజారిటీ తరఫున రాసేవాళ్లు జవాబివ్వడం రివాజేగా. ఒక్క పేరాతో మన తీర్పుకు పడ్డ ఆ కన్నం పూడ్చేయండి.”

“రాయను.”

“చేతకాకా?”

“చేతనైనా రాయను. నువ్వు గీయమన్న గీత గీశాను, చెరపను. దాన్ని వెనకేసుకు రమ్మంటే మాత్రం నా వల్ల కాదు.”

“కన్నం అలాగే ఉండిపోతుంది!”

“ఉండనీ అమ్మా. గాలి ఆడుతుంది.”

ఆవిడ తీర్పు కాగితాలు ముందుకు లాక్కుంది. “గెలిచినా మీ బుద్ధి మారదు” అంటూనే సంతకం పెట్టింది.

తీర్పు చదివిన మధ్యాహ్నం, జడ్జీల టీ గదిలో పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. “ఏమయ్యా, నా ప్రశ్నకు జవాబే లేదా?”

“లేదండీ. బ్రహ్మాండంగా అడిగారు. రేపు ఏ లాయరో మీ పేజీ పట్టుకొచ్చి, ఆ మిగిలిన తల్లుల కోసం అదే ప్రశ్న అడుగుతాడు.”

పెద్దాయన టీ గొంతులో అడ్డం పడింది. “నేను రాసింది ఎవరికీ ఇవ్వకూడదని కదయ్యా!”

“రాసింది మీరే. చదువుకునేది వాళ్లు” అంటూ భిన్నాయన మంచినీళ్ల గ్లాసు అందించాడు.