పిట్టగోడ మీద అత్తయ్య

"సంతకం పెట్టను," అంది కొనేవాళ్ల తరఫు లాయరమ్మ, పెన్ను మూత బిగిస్తూ. "మూలపడేసిన ఖాతా మళ్లీ ఎలా మాట్లాడుతోంది? ఎవరు రాస్తున్నారో పేరు చెప్పండి. ఆ మనిషిని ఇవాళే పంపించేయండి. లేకపోతే మా వాళ్లు కొనరు."

కొనకపోతే 'పిట్టగోడ' యాప్ ఈ సాయంత్రంతో సరి. జనం దాంట్లో దాచుకున్న ఫొటోలు, పాటలు, పోట్లాటలు అన్నీ గాల్లో కలుస్తాయి.

దాన్ని మొదలుపెట్టిన పెద్దాయన అరచేత్తో బల్ల తుడుస్తూ కూర్చున్నాడు. "సీఐడీ, నువ్వే తేల్చాలమ్మా."

దొంగ ఖాతాలు పట్టుకోవడం ఆమె ఉద్యోగం కాబట్టి ఆ ముద్దుపేరు. ఆఫీసులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

ఒకప్పుడు పెళ్లి కుదిరినా, పిల్లి ఈనినా జనం ముందు పిట్టగోడ మీదే చెప్పుకునేవాళ్లు. పెద్దాయన, అందరూ బాబాయ్ అని పిలిచే తొలి ఉద్యోగి కలిసి ఒక్క గదిలో దాన్ని ప్రారంభించారు. కొత్తగా చేరినవాళ్లు బిక్కుబిక్కుమంటూ ఉండకూడదని 'అత్తయ్య' అనే ఖాతా తెరిచి, వంతులేసుకుని పలకరించేవాళ్లు. "భోంచేశావా? ఆ చొక్కా నీకు నప్పలేదురా." తిట్టించుకోవడానికే కొందరు చేరారు. జనం లక్షల్లోకి వెళ్లాక పలకరింపులు యంత్రానికి అప్పజెప్పారు. అందరికీ ఒకటే పలకరింపు. ఆ తర్వాత చిట్టి వీడియోల యాప్ వచ్చింది. జనం అటు దూకేశారు. ఇప్పుడు పై అంతస్తులో కుర్చీలకి ముసుగులు.

ఖాతా మూయాలంటే కారణం రాసి అడగాలని పిట్టగోడలో నియమం. అత్తయ్య తరఫున ఎవరూ అడగలేదు. అలా మూగగా మిగిలిపోయింది. మొన్నీమధ్య మళ్లీ నోరు విప్పింది.

సీఐడీ అత్తయ్య రాసినవన్నీ చదువుకుంటూ వచ్చింది. పోయినవారం ఒక దర్జీ ఆవిడకి రాసిన మాట దగ్గర ఆగింది. "మిషన్ బాగైందా అమ్మాయ్?" ఆవిడ పేజీ అంతా వెతికినా మిషన్ ఊసే లేదు. ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"మిషన్ పాడైందని ఎవరితో అన్నారండీ?"

"మీతోనే. ఎన్ని జాకెట్లు కుట్టి ఫొటోలు పెట్టినా పలికేవాడు లేడు, మిషనూ మూలపడింది, నా పేజీ మూసేయండని పోయినవారం మీ ఆఫీసుకే రాశాను. గంటలోనే అత్తయ్య పలకరించింది. ఇక మూయబుద్ధి కాలేదు. ఏం, ఆవిడకి ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నారండీ," అని పెట్టేసింది సీఐడీ.

మూసేయమని అడిగేవాళ్ల గోడు చదివేది ఒక్క సీటే. బాబాయ్‌ది.

"ఇంకేముంది," అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి. "బాబాయే. ఎటూ వచ్చే ఏడు రిటైరవుతాడు. ఆయన పేరు రాసేయండి."

సీఐడీకి మింగుడుపడలేదు. ఊడ్చినట్టు మనుషుల్ని తీసేసిన రోజుల్లో కూడా ఒక్కొక్కరినీ గేటుదాకా సాగనంపింది బాబాయే. ఇప్పుడు ఆయన్ని దొంగని చేసి పంపించాలి.

కబురు పెడితే బాబాయ్ చేతికర్రతో వచ్చాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఇవాళే డ్యూటీలో చేరాడు.

"కూర్చోండి బాబాయ్. అత్తయ్య మీరేనంటున్నారు."

"ఈ మీసాలతోనా?" అని నవ్వాడు. పెద్దాయన మొహం చూసి నవ్వు ఆపేశాడు. "సరే, అలాగే రాసుకోండి."

లాయరమ్మ మళ్లీ పెన్ను తీసింది.

"ఆగండి," అంది సీఐడీ. "బాబాయ్, పోయినవారం మీరెక్కడున్నారు?"

"ఆసుపత్రిలో. నీకు తెలుసుగా, నువ్వే వచ్చి నా బత్తాయిలు తినేసి పోయావు."

"ఆ మంచం మీద ఫోనైనా పట్టుకున్నారా?"

"మా ఆవిడ పట్టుకోనిస్తేగా."

"మరి మీ సీటు పని ఎవరు చూశారు?"

బాబాయ్ కర్ర పిడి వైపు చూశాడు. "ఆ ఒక్కటీ అడక్కమ్మా."

సీఐడీ పెద్దాయన వైపు తిరిగింది. తనకి మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి.

"చూడ్డానికి ఇంకెవరూ మిగల్లేదు కదా సార్. బాబాయ్ సెలవు పెట్టిన రోజు 'ఆ సీటు నేను చూసుకుంటాలే' అని మీరే అన్నారు. నా ముందే అన్నారు."

"ఒక్కొక్కళ్ల గోడు చదువుతూ ఉంటే..." పెద్దాయన బల్ల తుడవడం ఆపాడు. "వెళ్లిపోతున్నామని చెప్పి మరీ వెళ్తున్నారమ్మా. ఒక్కసారి పలకరిస్తే ఆగుతున్నారు."

"ఆపింది వాళ్ల కోసమా, కొనేవాళ్లకి చూపించే జనం లెక్క కోసమా?"

ఆయన మళ్లీ బల్ల తుడవసాగాడు. బహుశా ఆయనకే తెలియదు.

"ఇంతకీ ఎవరి పేరు రాయమంటారు?" అంది లాయరమ్మ.

బాబాయ్ వద్దన్నట్టు తల ఊపాడు. సీఐడీ ఆయన వైపు చూడలేదు.

"అత్తయ్య మీరే, సార్."